ఏడుగురం, ఒక బండి: మూడో వరుసలో ఎవరు కూర్చోవాలి?

కొర్లగుంట నాన్న (తిరుపతి)
అందరికీ నమస్కారం. ఇంట్లో ఏడుగురం: నేను, మా ఆవిడ, ఎనిమిదేళ్ల అమ్మాయి, నాలుగేళ్ల అబ్బాయి, అమ్మ, నాయన, ఎనభై రెండేళ్ల అవ్వ. ఇప్పుడున్నది తొమ్మిదేళ్ల నాటి చిన్న కారు. ఎక్కడికి బయలుదేరినా ఎవరో ఒకరిద్దరు ఇంట్లో మిగిలిపోతారు. పోయిన నెల కాణిపాకం వెళ్లేటప్పుడు నాయన "మీరు వెళ్లిరండి, నాకు మోకాళ్ల నొప్పులు" అన్నారు. ఆయనకు మోకాళ్ల నొప్పులు లేవు, పొద్దున్నే అలిపిరి దాకా నడిచి వచ్చిన మనిషి. చోటు చాలదని అలా అన్నారు. ఆ మాట నన్ను ఇంకా గుచ్చుతూనే ఉంది.

14 లక్షల వరకు పెట్టగలను. వాడకం ఇది: నెలకొకసారి తిరుమల కొండకు, మూడు నెలలకొకసారి అమ్మను వేలూరు ఆసుపత్రికి, పండుగలకు భాకరాపేట ఘాట్ మీదుగా మదనపల్లె, అంటే అత్తగారి ఊరు. మిగతా రోజుల్లో నేనొక్కణ్నే ఆఫీసుకు. ఏడు సీట్ల బండితో నిజంగా కాపురం చేసినవాళ్లు చెప్పండి. షోరూములో చెప్పేవన్నీ విన్నాను.

ఎర్ర ఎర్టిగా (ఎం.ఆర్.పల్లి)
2019 మొదట్లో కొన్న మారుతి పెట్రోలు ఎర్టిగా మాది, చేత్తో గేర్లు మార్చేది. ఇప్పటికి 96,000 కిలోమీటర్లు తిరిగింది. ఊళ్లో లీటరుకు 12, చెన్నై రోడ్డు మీద 17 దాకా ఇస్తుంది. పొడవు 4,395 మిల్లీమీటర్లే కాబట్టి గోవిందరాజస్వామి గుడి చుట్టుపక్కల సందుల్లో కూడా తిప్పుకోగలను. టొయోటా ఇన్నోవా క్రిస్టా 4,735, కియా క్యారెన్స్ 4,540. కాగితం మీద చిన్న తేడాలాగే కనిపిస్తుంది. ఎదురుగా ఆటో, వెనక ఆవు ఉన్నప్పుడు తెలుస్తుంది దాని విలువ.

అడుగు ఎత్తు తక్కువ, పెద్దవాళ్లు సులువుగా ఎక్కుతారు. మూడో వరుసలో మా బావగారు (ఐదడుగుల పది అంగుళాలు) ఒకసారి శ్రీకాళహస్తి దాకా కూర్చున్నారు. తిరుగు ప్రయాణంలో బస్సులో వచ్చారు.

పసుపు బోర్డు (రేణిగుంట)
నేను 2011 నుంచి అద్దెకు ఇన్నోవా నడుపుతున్నాను. మొదటిది పాత మోడల్, 2018 నుంచి క్రిస్టా. నాకు ముందు మా నాన్న క్వాలిస్ నడిపారు. 2005లో దాని స్థానంలో ఇన్నోవా వచ్చినప్పుడు "ఇంత ఖరీదు బండి టాక్సీకి ఎవరు పెడతారు" అని ఆయన నవ్వారు. ఇప్పుడు రేణిగుంట స్టేషన్ బయట నిలబడి లెక్కపెట్టండి ఎన్ని ఉన్నాయో.

కొర్లగుంట అన్నా, బండి కొనేముందు ఒక పరీక్ష చేయండి. మేము దానిని అలిపిరి పరీక్ష అంటాం. అలిపిరి చెకింగ్ దగ్గర డ్రైవరు తప్ప అందరూ దిగాలి కదా. సామాను స్కానర్ మీద పెట్టాలి, మళ్లీ తీసుకోవాలి, మళ్లీ ఎక్కాలి. ముందు సీటువాళ్లు దిగడానికి ఐదు క్షణాలు. మధ్య వరుసకు పది. మూడో వరుసవాళ్లు దిగాలంటే మధ్య సీటు మడవాలి, దాని మీద పెట్టిన సంచీ తీయాలి, కాలు ఎక్కడ పెట్టాలో వెతుక్కోవాలి, తల వంచాలి. వెనక బండ్లు హారన్లు మొదలుపెడతాయి. పెద్దావిడ కంగారుపడి సీటు పట్టాలో కాలు ఇరికించుకుంటుంది. నేను ఎన్నోసార్లు చూశాను. కాబట్టి షోరూములో ఏడుగురినీ కూర్చోబెట్టి, అందరినీ దింపి, మళ్లీ ఎక్కించండి. గడియారం చూడండి. సేల్స్ అబ్బాయి విసుక్కున్నా పట్టించుకోకండి.

ఇంకొకటి, అవ్వగారిని ముందు సీట్లో కూర్చోబెట్టండి. ఎత్తు బండి కొంటే మాత్రం ఒక చిన్న చెక్క పీట డిక్కీలో పెట్టుకోండి. నా బండిలో ఎప్పుడూ ఉంటుంది. 150 రూపాయల పీట గురించి నాకు వచ్చినన్ని దీవెనలు ఏసీ గురించి కూడా రాలేదు.

కొర్లగుంట నాన్న
పీట సంగతి నాకు తట్టనే లేదు. మరి మూడో వరుసలో ఎవరు? పిల్లలిద్దరినీ అక్కడ పెడదామని నా ఆలోచన.

ఇద్దరు పిల్లల తల్లి (చిత్తూరు)
వద్దు వద్దు. నేను చేసిన తప్పు మీరు చేయకండి.

మాదీ ఏడు సీట్ల బండే. పిల్లలకు వెనక చిన్న ఇల్లులా ఉంటుందని మురిసిపోయాను. మొదటిసారి కొండకు వెళ్లినప్పుడు రెండో ఘాట్‌లో, అంటే పైకి ఎక్కే దారిలో, పదో మలుపు కూడా దాటలేదు, చిన్నవాడు "అమ్మా" అన్నాడు. ఆ గొంతు ఏ తల్లికైనా తెలుస్తుంది. నేను మధ్య వరుసలో సీటు బెల్టు పెట్టుకుని ఉన్నాను. వెనక్కి తిరిగేలోపే అయిపోయింది. మూడో వరుస అద్దం కిందికి దిగదు, అది బిగించిన అద్దం. వాడు తల బయట పెట్టే దారి లేదు. పొద్దున తిన్న పెరుగన్నం, దానిమ్మ గింజలతో సహా, సీటు మడతల్లోకి, బెల్టు గూట్లోకి, కింద పట్టాల్లోకి వెళ్లిపోయింది. గింజలు నాలుగు నెలల తర్వాత కూడా దొరుకుతూనే ఉన్నాయి.

బండి వెనక భాగం మలుపుల్లో ఎక్కువ ఊగుతుంది, బయటి గాలి రాదు, ఏసీ చల్లదనం చివరగా చేరుతుంది. ప్రయాణంలో కడుపు తిప్పే పిల్లలకు అంతకంటే చెడ్డ చోటు లేదు. ఇప్పుడు మా ఇంట్లో నియమాలు ఇవి: కొండకు ఖాళీ కడుపుతో కాకుండా రెండు ఇడ్లీలతో బయలుదేరాలి, పాలు ఇవ్వకూడదు, ఫోను చేతికి ఇవ్వకూడదు, నిమ్మకాయ ఒకటి అందుబాటులో ఉండాలి. వెనక కూర్చునేది మా ఆయన తమ్ముడు. మరిదిగారికి ఏమీ కాదు, అలిపిరి దాటగానే నిద్రపోతారు.

ఇంకో మాట. చైల్డ్ సీటు బిగించే ఐసోఫిక్స్ కొక్కేలు సాధారణంగా మధ్య వరుసలోనే ఉంటాయి. చైల్డ్ సీటు బిగించిన వైపు సీటు మడవడానికి వీలుండదు. అంటే మూడో వరుసకు దారి ఒక్కవైపే మిగులుతుంది. ఎడమవైపు, కాలిబాట వైపు ఖాళీ ఉంచండి. మేము తెలియక ఎడమవైపు బిగించి, గాంధీ రోడ్డులో మరిదిగారిని ట్రాఫిక్ వైపు దింపాము.

లెక్కల మనిషి (తిరుపతి)
నేను వేరే మాట చెబుతాను, కోప్పడకండి. మా ఏడు సీట్ల బండికి 2024 అంతా పుస్తకంలో రాశాను: ఎన్ని ప్రయాణాలు, ఎంతమంది. ఐదుగురికి మించి ఎక్కింది 19 రోజులు. మిగతా రోజులన్నీ నేను, నా టిఫిను డబ్బా. ఆ 19 రోజులకు అద్దెబండి తీసుకుంటే వాయిదా, బీమా, టైర్లు అన్నీ కలిపిన దానిలో మూడో వంతు కూడా అవదు.

కొనాలనే నిశ్చయించుకుంటే పన్ను సంగతి చూసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి నాలుగు మీటర్ల లోపు పొడవు, పెట్రోలైతే 1,200 సీసీ లోపు, డీజిలైతే 1,500 సీసీ లోపు ఉన్న కార్లకు జీఎస్టీ 18 శాతం. ఆ పరిమితి దాటినవాటికి 40 శాతం. ఏడు సీట్లతో 18లోకి వచ్చేవి తక్కువ, రెనో ట్రైబర్, మహీంద్రా బొలెరో లాంటివి. 14 లక్షల్లో కొనేవాడికి ఇది చిన్న విషయం కాదు.

పసుపు బోర్డు
లెక్కల మనిషి గారూ, మీ లెక్క తప్పు అనను. కానీ ఆ 19 రోజులు ఏ రోజులో కూడా రాసి ఉంటారు కదా? వైకుంఠ ఏకాదశి, బ్రహ్మోత్సవాలు, సంక్రాంతి, ఎండాకాలం సెలవులు, పెళ్లి ముహూర్తాలు. ఆ రోజుల్లో తిరుపతిలో అద్దెబండి దొరికితే నాకు కూడా చెప్పండి. మా మేనకోడలి పెళ్లికి నా సొంతవాళ్ల కోసం నేను బండి వెతుక్కున్నాను, నా బండి బెంగుళూరు బేరానికి వెళ్లింది.

లెక్కల మనిషి
పుస్తకం తీసి చూశాను. 19లో 14 మీరు చెప్పిన రోజులే.

తోతాపురి (బంగారుపాళ్యం)
నా అనుభవం వేరే రకం. మాది మామిడి తోట. మూడేళ్ల నుంచి ట్రైబర్ వాడుతున్నాను. మూడో వరుస సీట్లు రెండూ విడివిడిగా ఊడి వస్తాయి, బయట పెట్టేస్తే వెనక 625 లీటర్ల చోటు. ఏడుగురూ ఎక్కితే మిగిలేది 84 లీటర్లు, అంటే ఒక స్కూలు సంచీ, రెండు జతల చెప్పులు. లీటరు ఇంజను, మూడు సిలిండర్లు. ఏడుగురితో మొగిలి ఘాట్ ఎక్కేటప్పుడు రెండో గేరులో ఓపిగ్గా వెళతాను. తొందర ఉన్నవాళ్లు దాటుకుని వెళ్లవచ్చు, నాకు అభ్యంతరం లేదు.

మే నెల వచ్చిందంటే సీట్లు తీసి వరండాలో పెడతాను, బేనీషా మామిడి పెట్టెలు వేసుకుని చిత్తూరు, పలమనేరు బంధువుల ఇళ్లకు పంచుతాను. మొదటి ఏడాది ఒక పండు పట్టాల సందులోకి దొర్లింది. వారం తర్వాత వాసన, పది రోజులకు ఎర్రచీమల బారు. స్టీరింగ్ కింద నుంచి వెనక దాకా గీత గీసినట్టు పోతున్నాయి. పండు దొరికేసరికి టెంక మాత్రమే మిగిలింది.

రెండో సమస్య మా తాత. వరండాలో పెట్టిన సీట్లలో ఒకదానిని గోడకు ఆనించుకుని పేపరు చదవడం అలవాటు చేసుకున్నారు. ఆగస్టులో సీటు మళ్లీ బిగిస్తానంటే ఒప్పుకోలేదు. "దీనికున్నంత నడుము ఆసరా ఏ కుర్చీకి లేదు" అన్నారు. మాది ప్రస్తుతం ఆరు సీట్ల బండి.

ఎర్ర ఎర్టిగా
😂 తాతగారికి ముందు జాగ్రత్తగా సీటు బెల్టు కూడా పెట్టండి.

గ్యాసు బండి (పుత్తూరు)
సీఎన్‌జీ మాట ఎవరూ ఎత్తలేదేమిటి? రోజూ ఆఫీసుకు ఒక్కరే వెళతారంటే ఖర్చు చూసుకోవాలి కదా. నాకు పెట్రోలుతో పోలిస్తే కిలోమీటరు ఖర్చు బాగా తగ్గింది. రోజుకు 60 కిలోమీటర్లు తిరుగుతాను.

షెడ్డు మనిషి (తిరుచానూరు రోడ్డు)
మీకు సరిపోతుంది. కొర్లగుంటవారికి సరిపోదు. ఎందుకో చెబుతాను. డిక్కీలో సిలిండరు పెట్టాక మూడో వరుస వెనక చెప్పుకోదగ్గ చోటు ఉండదు. ఏడుగురూ, వాళ్ల సామానూ కొండకు వెళ్లి రాత్రి బస చేయాలంటే పెట్టెలు ఎక్కడ పెడతారు? పైన క్యారియరు బిగిస్తారు. దానితో బండి మలుపుల్లో ఇంకా ఊగుతుంది, మైలేజీ పోతుంది. గ్యాసు మీద ఇంజను బలం కొంత తగ్గుతుంది. ఏడుగురితో రెండో ఘాట్ ఎక్కేవాళ్లకు నేను ఎప్పుడూ చెప్పేది ఒకటే: అలిపిరిలోనే పెట్రోలుకు మార్చుకోండి. సిలిండరుకు మూడేళ్లకొకసారి పీడన పరీక్ష చేయించాలి, దాని కాగితం బండిలో ఉండాలి. చాలామంది మరిచిపోతారు.

గ్యాసు బండి
పెట్టెల మాట మాత్రం నిజమే. పోయిన సంక్రాంతికి మా ఆవిడ ఒడిలో అరిసెల డబ్బా, కాళ్ల కింద చీరల సంచీ పెట్టుకుని పుత్తూరు నుంచి పలమనేరు దాకా వచ్చింది. ఆ ప్రయాణం గురించి ఇంట్లో ఇంకా చర్చ జరుగుతోంది.

పాత మాస్టారు (చంద్రగిరి)
పిల్లలూ, ఎక్కడం గురించే మాట్లాడుతున్నారు. దిగడం గురించి నేను చెబుతాను. నా తప్పే కాబట్టి మొహమాటం లేదు.

పదవీ విరమణ తర్వాత ఆటోమేటిక్ గేర్ల ఏడు సీట్ల బండి కొన్నాను. నలభై ఏళ్లు స్కూటరు, పన్నెండేళ్లు చిన్న కారు నడిపిన ధీమా. కూతురు కుటుంబం హైదరాబాదు నుంచి మనవడి పుట్టువెంట్రుకలకు వచ్చింది. ఏడుగురం నిండుగా వెళ్లాము. దిగేటప్పుడు మొదటి ఘాట్. గేరు 'డి'లోనే ఉంచి, ప్రతి మలుపు దగ్గరా బ్రేకు తొక్కుతూ, మలుపుకు మలుపుకూ మధ్య కూడా కాలు దాని మీదే ఉంచి దిగుతున్నాను. సగం దూరం వచ్చాక మాడిన వాసన. ముందు లారీదేమో అనుకున్నాను. ఆ దారిలో లారీ ఎక్కడిది? అల్లుడు "మామయ్యా, మన బండే" అన్నాడు. బ్రేకు పెడలు మెత్తగా, ఎక్కువ లోపలికి వెళుతోంది. ఒక వెడల్పు మలుపులో పక్కకు ఆపాను. ముందు చక్రాల నుంచి సన్నగా పొగ. గుండు చేయించుకున్న మనవడు బోడితల మీద చందనంతో దిగి, చక్రం దగ్గర వంగి "తాతా, దీపారాధన చేస్తున్నారా" అన్నాడు. అందరూ నవ్వారు. నాకు మాత్రం కాళ్లు వణుకుతూనే ఉన్నాయి.

అర్ధగంట ఆగాము. నీళ్లు పోద్దామని బాటిలు తీశాను, అటుగా వచ్చిన ఒక టాక్సీ అబ్బాయి వద్దని ఆపాడు.

పసుపు బోర్డు
నీళ్లు పోయకపోవడం మంచిదైంది మాస్టారూ. మండుతున్న డిస్కు మీద చన్నీళ్లు పడితే వంకర పోతుంది, పగలవచ్చు కూడా.

అందరికీ పనికొస్తుందని రాస్తున్నాను. దిగడానికి కనీసం 40 నిమిషాలు పట్టాలని, ఎక్కడానికి 28 నిమిషాలని కొండ మీద నియమం పెట్టింది ఇందుకే. ముందే దిగితే కింద జరిమానా. చాలామంది పైన గబగబా నడిపి, కింద చివర్లో బండి ఆపుకుని సమయం గడుపుతారు. అది బ్రేకుకూ మేలు కాదు, మీకూ కాదు. చేతి గేర్ల బండి అయితే రెండో గేరులో దిగండి, అవసరమైన చోట మొదటి గేరు. ఆటోమేటిక్ అయితే 'ఎల్'కో, చేత్తో మార్చుకునే పద్ధతిలో కింది గేరుకో తీసుకోండి. ఇంజనే బండిని పట్టుకుంటుంది. బ్రేకు గట్టిగా తొక్కి, వేగం తగ్గగానే పూర్తిగా వదలండి. ఎప్పుడూ కాలు ఆనించి ఉంచకండి. న్యూట్రల్‌లో దిగేవాళ్లతో నేను మాట్లాడను.

ఏడుగురు, వాళ్ల సామాను అంటే ఖాళీ బండి మీద ఐదారు వందల కిలోలు ఎక్కువ. రోజూ ఒక్కరే నడిపేవాళ్లకు ఆ బరువుతో బండి ఎలా ఆగుతుందో తెలియదు. కొత్త బండితో మొదటి ప్రయాణం నిండుగా కొండకు వెళ్లకండి. టైర్ల గాలి కూడా నిండు బరువుకు ఎంత ఉండాలో డ్రైవరు తలుపు దగ్గర అంటించి ఉంటుంది, ఒక్కరికీ ఏడుగురికీ ఒకే గాలి సరిపోదు.

హైక్రాస్ (చిత్తూరు)
హైబ్రిడ్ (పెట్రోలు ఇంజను, బ్యాటరీ రెండూ ఉన్న బండి) వాడేవాళ్లకు ఒక మాట. దిగేటప్పుడు గేరును బండి వేగాన్ని పట్టి ఉంచే స్థానంలో పెట్టండి. దిగేటప్పుడు బ్యాటరీ చార్జవుతుంది, అది చిన్నది కాబట్టి దారిలోనే నిండిపోతుంది. ఆ తర్వాత ఇంజను పెద్దగా మోగుతుంది. మొదటిసారి ఏదో చెడిపోయిందని బండి ఆపేశాను. చెడిపోలేదు, ఇంజనుతోనే బండిని నిలబెడుతోంది. బడ్జెట్టు మాత్రం కొర్లగుంటవారికి అందదు, అందుకే పొగడడం మానేస్తున్నాను.

కొర్లగుంట నాన్న
క్యారెన్స్ వాడేవాళ్లు ఎవరూ లేరా? పెనుకొండలో తయారయ్యే బండి అని నాయనకు దాని మీద మమకారం.

ఇద్దరు పిల్లల తల్లి
మా అక్కావాళ్లకు ఉంది, 2022లో వచ్చిన కొత్తలోనే కొన్నారు. మీట నొక్కితే మధ్య సీటు దానంతట అదే ముందుకు ఒరుగుతుంది. వెనక ఎక్కి దిగడం సులువు. ఆరు సీట్లది తీసుకోకండి, మధ్యలో విడి సీట్లు చూడముచ్చటగా ఉంటాయి కానీ మీ లెక్కకు ఒకరు తగ్గుతారు. మళ్లీ నాయనగారికి మోకాళ్ల నొప్పులు వస్తాయి.

లెక్కల మనిషి
ఏది కొన్నా ఫాస్టాగ్ మొదటి రోజే తీసుకోండి. 2025 ఆగస్టు 15 నుంచి కొండకు వెళ్లే బండ్లకు అది తప్పనిసరి.

నిర్వాహకుడు
మధ్యలో వచ్చిన రెండు బీమా ప్రకటనలు తొలగించాను. గ్యాసు సిలిండర్లు, బండి కొలతలు, తాతల కుర్చీలు అన్నీ చర్చకు సంబంధించినవే, కొనసాగించండి.

కొర్లగుంట నాన్న (పది రోజుల తర్వాత)
అలిపిరి పరీక్ష చేశాము. మూడు షోరూములు, ఏడుగురం, రెండు ఆదివారాలు.

మొదటి బండి ఎత్తు. అవ్వ కాలు ఎత్తింది, దింపింది, మళ్లీ ఎత్తింది, "నాయనా, ఇది బండి కాదు, అటక" అంది. రెండో బండిలో మూడో వరుస నుంచి మా నాయన దిగడానికి యాభై క్షణాలు పట్టింది. మధ్యలో ఆయన చొక్కా జేబు సీటు మీటకు తగులుకుని చిరిగింది. మూడోదానిలో అవ్వ ముందు సీట్లోకి వెనక్కి తిరిగి కూర్చుని, కాళ్లు రెండూ కలిపి లోపలికి తిప్పుకుంది. ఎవరూ నేర్పలేదు. మనం కుర్చీలో కూర్చున్నట్టే కూర్చుంది. ఏసీ గాలి మొహానికి కొట్టకుండా చేత్తో రెక్కలు పైకి నెట్టి, కళ్లు మూసుకుంది. ఇక దిగమంటే దిగలేదు. సేల్స్ అబ్బాయి చెరుకురసం తెప్పించాడు.

ఆ మూడోదే తీసుకున్నాము. పెట్రోలు, చేతి గేర్లు, ఏడు సీట్లు. మధ్య వరుసలో పిల్లలిద్దరూ, అమ్మ. చైల్డ్ సీటు కుడివైపు. మూడో వరుసలో మా ఆవిడ, నాయన. నేను మొహమాటపడుతూ అడిగితే మా ఆవిడ "వెనకైతే ఎవరూ నన్ను నీళ్ల సీసా అడగరు, ఒక గంట నిద్రపోతాను" అంది. ఆవిడ దానికోసమే ఎదురుచూస్తోందని నాకు ఇన్నాళ్లూ తెలియదు.

నిన్న కొండకు వెళ్లివచ్చాము. దిగడానికి 52 నిమిషాలు, రెండో గేరులో. మాస్టారి పొగ కళ్లముందే ఉంది. అబ్బాయి ఒకసారి "అమ్మా" అన్నాడు, మధ్య వరుస అద్దం దించాము, గాలి తగిలాక సర్దుకున్నాడు. అలిపిరిలో అందరూ దిగి ఎక్కడానికి రెండు నిమిషాలు. నాయన మోకాళ్ల మాట ఎత్తలేదు.

ఇప్పుడే మా మేనత్త ఫోను చేసింది. వచ్చే ఆదివారం విజయవాడ నుంచి దర్శనానికి వస్తున్నారట, రేణిగుంట స్టేషనుకు రమ్మంది. ఎంతమంది అత్తా అని అడిగాను. "ఏడు సీట్ల బండి కొన్నావట కదా" అంది.

పసుపు బోర్డు
మీ అవ్వగారికి అవసరం లేకపోయినా పీట పెట్టుకోండి. మీ మేనత్తగారికి కావాలి.